జమ అయిన నిద్ర

నిద్రను కూడా బ్యాంకులో దాచుకుని వాడుకునే రోజులవి. జ్వరంలో, ఖాతాలో ఉన్నదానికన్నా గంట ఎక్కువ పడుకుందని వరహాలమ్మకు బ్యాంకు రెండు రాత్రుల నిద్ర జరిమానాగా కోసేసింది. ఆ అన్యాయం మీద ఆమె ఏడాదిగా ఎక్కని మెట్టు లేదు.

ఆసుపత్రిలో కూతురు నొప్పులు పడుతూ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. బిడ్డ అడ్డం తిరిగిందని డాక్టరమ్మ కంగారుపడుతోంది. సరిగ్గా అప్పుడే బ్యాంకు నుంచి ఫోను.

"మీరే గెలిచారమ్మా! వాపసు నిద్ర ఖాతాలో నిలవదు కదా, రెండు రాత్రులదీ ఇప్పుడే నేరుగా మీ కళ్లలోకే జమ చేస్తున్నాం."

"ఇప్పుడొద్దు బాబూ! నా కూతురికి పురుడొస్తంది. రేపెయ్యి!"

"ఆలస్యమైతే మాకు జరిమానా పడుతుందండీ. హాయిగా పడుకోండి."

"ఓరి నీ..."

తిట్టు పూర్తికాకుండానే ఆమె మంచం పక్కన కూలబడింది.

"అమ్మా, చెయ్యి వదలకే!"

కూతురి కేక వినపడుతూనే ఉంది. వేళ్లు మాత్రం ఒక్కొక్కటే జారిపోయాయి.