ఏడో నంబరు సీసా

ఊరంతా తాగే ఏట్లో ఉప్పు పెరిగిందంటే, నీళ్లు పరీక్షించే మా ఆఫీసుకు మీటరుకన్నా మా నాన్న నాలుకమీదే గురి. పాడుబడ్డ చమురు బావులకు సిమెంటు పోసి మూసిన మేస్త్రీ ఆయన. ఏ బావినుంచి ఉప్పునీరు ఏట్లోకి ఊరుతోందో పుక్కిలించి చెప్పేస్తాడు. చెప్పి, "ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాల్సిందే, ఓ గ్లాసు ఇలా తేవే" అని నవ్వుతాడు.

ఇవాళ ఏడో బావి దగ్గర పట్టిన సీసా ఇచ్చాను. పుక్కిలించి ఉమ్మేశాడు. "చప్పగా ఉందమ్మా."

"మీటరు గగ్గోలు పెడుతోంది నాన్నా!"

"నీ మీటరుకు మతి పోయింది."

పాపం, ముసలితనానికి నాలుక మొద్దుబారిందనుకున్నాను. ఆయన పరువు పోకూడదని, తప్పు మీటరుదేనని రాసి పంపేశాను.

మధ్యాహ్నం అన్నంలో కూర కలిపి తొలిముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "ఉప్పు రవ్వంత తగ్గిందే."

నేనూ తిని చూశాను. రవ్వంతే తగ్గింది.

"నాన్నా, ఏడో బావిలో సిమెంటు ఎంత లోతు పోశావు?"

కలిపిన రెండో ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"జానెడు. కిందంతా మట్టే. మిగిలిన సిమెంటు... మనం కూర్చున్న ఈ గచ్చేనమ్మా."

నీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపాడు. ఈసారి నవ్వలేదు.