పాయ ఒడ్డున మైసమ్మ

"దిగొద్దు నాయనా! ఇవతలికొచ్చీ!" గుడిసె ముందు నుంచి ముసలామె అరిచింది.

సైదులు వినిపించుకోలేదు. చెప్పులు విడిచి ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు. ఎదురుగా సముద్రపు పాయ. దాని అంచున వరసగా కర్రలు పాతి ఉన్నాయి. ప్రతి కర్రకూ ఒక ఎర్ర గుడ్డ, అడుగున కుంకుమ పూసిన రాయి. ఎల్బీనగర్‌లో పుట్టి పెరిగినవాడికి నీళ్ల ఒడ్డున అలాంటి రాయి కనిపిస్తే చెరువు కట్ట మీది అమ్మవారు తప్ప ఇంకెవరు గుర్తొస్తారు?

"కట్ట మైసమ్మరా బెన్నీ! అండమాన్ల గూడ ఉన్నది సూడు మా తల్లి."

బెన్నీది ఎల్బీనగర్ పక్కనే కొత్తపేట. ఇద్దరూ సెల్ టవర్లు నిలబెట్టే పని మీద ఈ మూల దీవులకు వచ్చారు. ఆదివారం సెలవు గనక పడవ మాట్లాడుకుని, చుట్టుపక్కల ఉన్న నాలుగేసి గుడిసెల ఊళ్లు చూద్దామని బయలుదేరారు. ఇది ఆఖరిది. పడవవాడు వాళ్లను అవతలి ఇసుకలో దింపి, తను మాత్రం ఒడ్డెక్కనన్నాడు. ఊళ్లో మగవాళ్లంతా చేపల వేటకు పోయారు. కుక్కలు కూడా ఈ పాయ వైపు రావడం లేదు. బెన్నీకి అదేమీ నచ్చలేదు.

"ఆమె గంతగనం ఒద్దంటుంది గదన్నా. పోదాం పా."

"నువ్వు చర్చికి పోయేటోనివి, నీకేం తెలుస్తది మా మైసమ్మ సంగతి?"

ఇంకేమన్నా అంటే వాళ్ల దేవతను కాదన్నట్టు అవుతుందని బెన్నీ భయపడ్డాడు.

ముసలామె ఆయాసపడుతూ దగ్గరికొచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషని మాటలోనే తెలుస్తోంది.

"ఎందుకు దిగొద్దో చెప్పు మరి," అన్నాడు సైదులు.

"నీళ్ల కాడ ఆ మాట ఎత్తకూడదు నాయనా. మా ఊరి కట్టుబాటు. ఇంటికాడికి రా, సెప్తాను."

సైదులుకు ఒళ్లు మండింది. అసలే వారం నుంచి మనసు మనసులో లేదు. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెలో దిల్‌సుఖ్‌నగర్‌ రాస్తారోకోకు పోయిన తమ్ముడు భిక్షపతిని పోలీసులు ఎత్తుకుపోయారు. ఎక్కడ పెట్టారో, కొట్టారో ఏమో తెలియదు. ఓడ వచ్చేదాకా తను ఇక్కడి నుంచి కదలలేడు. చేతిలో ఉన్నది మొక్కు ఒక్కటే.

"ఆడ హైద్రాబాద్ల మీరే, ఈ దీవులల్ల గూడ మీరేనా? మా తల్లికి మొక్కనీకి గూడ ఆంధ్రోళ్ల పర్మిషన్ గావాల్నా?"

ఆమె మొహం చిన్నబోయింది. "ఏ ఊరోడివైనా ఓ తల్లి బిడ్డవే గదా నాయనా," అంది మెల్లగా.

అంతలో సైదులు ఫోన్ మోగింది. వాళ్లు నిలబెట్టిన టవరే, సిగ్నల్ ఇక్కడిదాకా అందుతోంది. ఎల్బీనగర్ నుంచి తల్లి ఈరమ్మ.

"కొడకా, తమ్ముణ్ని ఇడిసిపెట్టిన్రురా! గిప్పుడే ఇంటికొచ్చిండు. బువ్వ తింటుండు."

సైదులు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "మొక్కకముందే ఇన్నదే అమ్మా మైసమ్మ! నేను తల్లి ముంగటనే ఉన్న. ఆగు, మునిగొచ్చి తమ్మునితోని మాట్లాడ్త."

ఫోన్ బెన్నీ చేతిలో పెట్టి గబగబా నడుము లోతుకు దిగాడు. ముసలామె రెండు చేతులూ ఊపుతూ ఒడ్డు వెంట పరిగెత్తింది.

"మైసమ్మ తల్లీ!" అంటూ సైదులు ఒక మునక వేశాడు. లేచి, బెన్నీ వైపు చూసి నవ్వాడు. మళ్లీ మునిగాడు.

నీళ్లు ఒక్కసారి ఎగిసిపడి, తర్వాత సర్దుకున్నాయి.

"అన్నా," అని పిలిచాడు బెన్నీ. "సైదులన్నా!"

సైదులు లేవలేదు. ఫోన్‌లో భిక్షపతి గొంతు "అన్నా, మంచిగున్నవా?" అని అడుగుతోంది.

బెన్నీ ముసలామె భుజాలు పట్టుకుని కుదిపాడు. "ఏందవ్వా ఇది? గిదేం మైసమ్మ?"

"అమ్మోరు కాదు బాబూ. మొసలి తినీసిన ఒక్కో మనిషికి ఒక్కో గుడ్డ కడతాం," అంటూ ఆమె ఏడుస్తూనే తన ఎర్ర చీర చెంగు చింపింది.