చిల్లుచేతులు

సోమవారం ఎమ్మెల్యే అరివళగన్ పార్టీ మారాడు. బుధవారం ప్రభుత్వం పడిపోయింది. శుక్రవారం సాయంత్రం ఆయన వైతికుప్పం మైదానానికి వచ్చి, పిల్లల ఫుట్‌బాల్ పోటీలు ప్రారంభించాడు.

పుదుచ్చేరికి ఇది కొత్త కాదు. ఓట్లేసి గెలిపించుకునేది ముప్పై మందినే. సబ్‌స్టిట్యూట్లతో కలుపుకుంటే రెండు ఫుట్‌బాల్ జట్లకు సరిపోతారు. ఇద్దరు అటునుంచి ఇటు దూకితే చాలు, స్కోరు తారుమారు. ఊరు టీ తాగుతూ దాన్నీ మ్యాచ్‌లాగే చూస్తుంది.

ఎమ్మెల్యే మెడలో నిలువెత్తు గులాబీ దండ పడింది. టపాకాయలు పేలాయి. కోచ్ జయరామన్ శాలువా కప్పాడు. "జట్టు మారడం ఆటలో మామూలే గదా" అని ఎమ్మెల్యే మైకులో అంటే జనం పగలబడి నవ్వారు.

మైదానం సున్నపు గీత పక్కన నిలబడ్డ రఘునాథన్ మాత్రం నవ్వలేదు. ఆయన వచ్చింది మనవరాలు ఆర్తి కోసం.

ఆర్తికి పద్నాలుగేళ్లు. జయరామన్ జట్టులో దానంత బాగా గోల్ కాసేవాళ్లు లేరు. అయినా ఈ ఏడాదంతా బెంచీ మీదే కూర్చుంది. ఎందుకో జయరామన్ పైకి చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. అందరికీ తెలిసిందే.

ముప్పై ఏడేళ్ల కిందటి ఫైనల్ అది. వైతికుప్పం జాలరి కుర్రాళ్లు, పక్క వీధుల తెలుగు కుర్రాళ్లు కలిసి ఆడిన జట్టు. జయరామన్ కెప్టెన్, రఘునాథన్ గోల్‌కీపర్. అవతల మేట్టుపాళయం జట్టు. చెరో గోలు. ఆఖరి నిమిషంలో ఎవడో దూరం నుంచి తన్నిన బంతి నేల మీద దొర్లుకుంటూ వచ్చింది. పసిపిల్లలు కూడా పట్టే బంతి. రఘునాథన్ చేతుల కిందుగా వలలోకి పోయింది.

ఎండ కళ్లలో కొట్టిందన్నాడు. ఎవరూ వినలేదు. అమ్ముడుపోయాడన్నారు. చిల్లుచేతులని పేరు పెట్టారు. ఆయన పెళ్లికి జట్టులోంచి ఒక్కడూ రాలేదు. భార్య కనకం చేపలు కొనబోతే, "మీ ఆయన చేతికి ఇయ్యొద్దమ్మా, జారిపోతాయి" అని నవ్వేవాళ్లు. జయరామన్ అయితే ఎదురుపడినప్పుడల్లా వీధి దాటి అవతలి పక్కకు పోయేవాడు. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

ఎమ్మెల్యే కారు వెళ్లిపోయింది. పిల్లలు ఆటకు సిద్ధమవుతున్నారు. ఆర్తి అలవాటుగా బెంచీ మీద కూర్చుంది.

రఘునాథన్ తిన్నగా జయరామన్ దగ్గరికి నడిచాడు.

"అన్నా, ఆ శాలువా యాడ కొన్నావు?"

జయరామన్ తడబడ్డాడు. "ఏంది?"

"వేలమంది ఏసిన ఓట్లు ఎత్తుకోని అవతలి పక్కకు పోయినాడు వాడు. వాడికి శాలువా కప్పినావు. నేను ఒక్క బంతి వదిల్తిని. ఇన్నేండ్లూ నా మొగం చూడలేదు నువ్వు."

మాటలు విని జనం ఆగారు. వాళ్లలో పాత జట్టువాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. అందరికీ తలలు నెరిసిపోయాయి.

"రేపో మాపో వాడు మంత్రి అయితాడు," అన్నాడు రఘునాథన్. "నా మనవరాలు గోల్లో నిలబడేదానికి లేదా? మీ కోపం అమ్ముడుపోయినోడి మీద కాదన్నా. చిన్నోడి మీద. చేతగానోడి మీద."

మైకు దగ్గర ఎవరో పాట పెట్టబోయి ఆపేశారు.

జయరామన్ తల దించుకున్నాడు. డెబ్బైకి దగ్గరైన మనిషి. మెల్లగా వచ్చి రఘునాథన్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఒరే రఘూ, ఆ పొద్దు ఎండ నా కండ్లల్లో గూడా కొట్టిందిరా. తెలిసీ ఒప్పుకోలేకపోతిని. ఓడిపోయినోళ్లకు తిట్టేదానికి ఎవడో ఒకడు కావాల గదా. నిన్ను పెట్టుకుంటిమి." ఆయన కళ్లు నిండాయి. "మన్నించరా."

తర్వాత బెంచీ వైపు తిరిగి, "ఆర్తీ, గ్లవ్స్ ఏసుకో తల్లీ. ఇంక ఈ జట్టుకు గోల్ నువ్వే కాస్తావు" అన్నాడు.

ఆర్తి ఒక్క గెంతు గెంతి పరిగెత్తింది. పాత జట్టువాళ్లు ఒక్కొక్కరే వచ్చి రఘునాథన్ భుజం తట్టారు. ఒకాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎవరో చప్పట్లు మొదలుపెడితే మైదానమంతా అందుకుంది. ఎమ్మెల్యేకు కొట్టినవాటి కంటే గట్టిగా కొట్టారు.

కనకం జనంలోంచి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "నేను ఎన్నిసార్లు చెప్పినా వినలే వీళ్లు. ఇప్పటికి నిజం తెలిసొచ్చింది," అంది.

రఘునాథన్ గోలు స్తంభాల మధ్య నిలబడిన మనవరాలి వైపే చూస్తుండిపోయాడు.

ఆ ఫైనల్ ముందు రోజు మేట్టుపాళయం జట్టును పోషించే నాయకుడికి బంతి వదిలేస్తానని ఇచ్చిన మాటను రఘునాథన్ నిలబెట్టుకున్నాడు, నెల తిరక్కుండానే గవర్నమెంటు ఉద్యోగం ఇప్పించి ఆ నాయకుడూ తన మాట నిలబెట్టుకున్నాడు.