గాయాల తేనె

కాలు చీరుకుపోయిన బోదురుకప్ప తాత "కాస్త తేనె రాయవే మనవరాలా" అనగానే నాంచారి ఉడత తేనె దొన్నెని వెనక్కి లాక్కుంది. అడవంతా కలిసి దాచుకున్న గాయాల తేనెకి కాపలా తనే. ఎండాకాలంలో తేనె వాటా తెచ్చినవాళ్ళకే మందు అన్న రూలుకి చెయ్యెత్తిందీ తనే.

"వాటాల వసూలప్పుడు మట్టిలో నిద్రపోయావుగా తాతా!"

"ఎండల్లో పైకొస్తే కప్పలం మాడిపోమూ? వానల్లో అడిగితే చెరువులోంచి మందాకు మోసుకురానూ?"

"ఇన్నేళ్ళూ బెకబెకలు తప్ప ఏం మోశారు?" అంది పక్కనే ఉన్న కుందేలత్త. "ఈయనకి రాస్తే కప్పలన్నీ దిగుతాయి. నా పిల్లలకి మిగలొద్దూ?"

వాచిన కాలు చూసి నాంచారి ఆగలేకపోయింది. తోక తేనెలో ముంచి మెత్తగా రాసేసింది.

తలెత్తేసరికి చెరువు గట్టంతా కుంటుకుంటూ వస్తున్న కప్పలే. దొన్నెలో తేనె అడుగంటింది. కుందేలత్త గుర్రుగా చూస్తోంది.

"ఇప్పుడు నేనేం చెయ్యను, మీరైనా చెప్పండి" అని మనల్నే అడుగుతోంది నాంచారి.