తెరిచి ఉన్న ఫైలు

"అత్తయ్యా, మామయ్యగారి రికార్డింగు కాస్త ఆపరూ? పని సాగట్లేదు," గదిలోంచి విసుక్కుంది కోడలు.

"ఆయనకు కళ్లజోడు దొరకనీవే, ఆపేస్తా," అంది హాల్లోంచి అత్తగారు. అక్కడి కంప్యూటర్లో మోగుతున్న ఆ రికార్డింగులో మామగారు కళ్లజోడు వెతుక్కుంటుంటారు. ఆయన పోయాక మిగిలిన గొంతు అదొక్కటే.

ఫైళ్లు తుడిచే ప్రోగ్రాం ఆఫీసు కంప్యూటర్లో మొరాయిస్తోంది. తెరిచి ఉన్న ఫైలును తుడవనంటోంది. కోడలు ఆ ప్రోగ్రాంనే గదిలోంచి, వేరే రకం సిస్టంతో నడిచే హాల్లోని కంప్యూటర్లో నడిపి చూసింది. కిక్కురుమనకుండా తుడిచేసింది.

తుడవాల్సిన దానికంటే ఎక్కువే తుడిచింది. ఫోల్డర్ల పేర్ల మధ్య గీత ఆఫీసులో ఒకవైపు వాలాలి, ఇక్కడ ఇంకోవైపు. ఆ సంగతి కోడలు మరిచింది. పరీక్ష కోసం పెట్టుకున్న ఫోల్డరుకు బదులు ఇంటివాళ్ల ఫోల్డరంతా ఖాళీ అయింది.

ఆ రికార్డింగు ఉన్నదీ అందులోనే. కానీ హాల్లో మామగారు ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఈ కంప్యూటర్లో తుడిచేసిన ఫైలైనా, ఎవరైనా తెరిచి ఉంచినంతసేపూ లోపల బతికే ఉంటుంది. మూసేలోగా కాపీ తీసుకోవచ్చు.

మూయొద్దని చెప్పడానికి పరుగెత్తింది. అత్తగారు అప్పుడే మౌస్ మీంచి చెయ్యి తీసింది.

"మూసేశాలేమ్మా, నీ పని చూసుకో. మిగతాది రేపు వింటా."