హాలీలో నూట ఐదు

"నూట పది కల్దార్!" దేవసహాయం ఉత్తరాన్ని మళ్ళీ పైకి చదివాడు. "మద్రాసోళ్లు ఇంగ్లీషు కల్దార్ రూపాయలిస్తరట మార్తా! మన నిజాం హాలీ కాదు."

"విన్న. మూడుసార్లు విన్న. కాగితం అందుకోండి, లెక్క చూద్దాం," అంది మార్త, కిటికీ కింద తన చాప మీద నుంచి కదలకుండా.

దేవసహాయం ఆరోగ్య ప్రచారకుడు. బొల్లారం నుంచి మౌలాలి దాకా బొమ్మల లాంతరు మోసుకుపోయి, గోడకు తెల్లగుడ్డ కట్టి, కలరా ఎలా వస్తుందో జనానికి చెప్పడం అతని పని. పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. సర్కారు మారింది, జెండా మారింది. అతని జీతం మాత్రం అదే నూట ఐదు, అదీ నిజాం హాలీ రూపాయల్లో.

"ఏడు హాలీలకు ఆరు కల్దార్లు," అన్నాడు గడపలో కూర్చున్న పక్కింటి వడ్రంగి బ్రహ్మచారి. దేవసహాయం కోసం చేసిన పెట్టెకు గరుకు కాగితం రుద్దుతున్నాడు. "అంటే నీ నూట ఐదు తొంభై కల్దార్లకు సమానం సార్. ఇరవై లాభం! ఇంకేంది పరేషాన్?"

"మద్రాసుల అన్నీ పిరం గదయ్యా. అద్దె, బియ్యం, కట్టెలు..."

"మరి బెజవాడ నౌకరి?"

"ఎనభై అన్నరు. ఆ ఎండకు ఎనభై చెమటలోనే పోతయి."

మార్త పకపకా నవ్వింది. దేవసహాయం చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ఆమె నవ్వి నెల రోజులైంది.

నెల కిందట మద్రాసు నుంచి మొదటి ఉత్తరం, దాంతోపాటు లాంతరులో పెట్టి చూపే కొత్త పాఠం గాజు బొమ్మల పార్సిలు వచ్చాయి. ఉద్యోగంలో చేరేలోగా ఆ పాఠం కంఠస్థం చేసుకోవాలని, జీతం సంగతి తర్వాత రాస్తామని అందులో ఉంది. జీతం తెలియకుండా చదువెందుకని అతను ముడి కూడా విప్పలేదు. పెట్టెకు కొలతలు కావాలని బ్రహ్మచారి అడిగితే మార్తే విప్పి చూపింది. ఆ రోజే, చర్చి సంఘ పెద్దలు భోజనానికి కూర్చున్నప్పుడు, కూరలో ఉప్పెక్కువైందని అతను ఆమె మీద అరిచాడు.

ఆ రోజు నుంచే అలక. తన గ్లాసుకు నీలం దారం కట్టుకుంది. కంచం వేరే పెట్టుకుంది. చాప కిటికీ కిందికి ఈడ్చుకుంది. అతను తిన్నాక, వసారాలో ఒక్కతే తింటుంది. తప్పయిందని ఒక్క మాట అంటే పోయేదేమో. మొగవాడు, ఉప్పు కోసం తగ్గుతాడా? అతను అనలేదు.

"రాయండి," అంది మార్త. "ఇక్కడ అద్దె పది. బియ్యం, పప్పు, కట్టెలు అరవై. పాలు రోజుకొక సేరు. గుడ్లు రెండు."

"గుడ్లెవరికి?"

"నాకే. నేను తినొద్దా?"

"తిను తల్లీ. మద్రాసు జీతమొస్తే కోడినే తిను."

పొయ్యి మీద ఎండుమిరపకాయలు మాడాయి. ముగ్గురూ దగ్గారు. మార్త అందరికన్నా ఆలస్యంగా ఆపింది.

"నీకింకా పొగ అలవాటు కాలేదక్కా," అన్నాడు బ్రహ్మచారి.

లెక్క తేలింది. సికింద్రాబాదులో నెలాఖరుకు మిగిలేది ఐదు హాలీలు. మద్రాసులో నలభై కల్దార్లు. దేవసహాయం ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇంతలో పెన్సిలు వెనక్కి నడిచింది.

"ఇదేంది? మద్రాసుల ఒక్క మనిషి తిండే రాయించినవ్?"

"మీరు ముందుగాల పోండి. ఇల్లు గిట్ల దొరికినంక నేనొస్త. అప్పటిదాకా నాకు నెలకు ముప్పై పంపండి."

"ఇద్దరం పోదాం."

"ఇద్దరం పోతే మిగిలేది సున్న. మీరే వేసి చూడండి."

అతను వేసి చూశాడు. నిజమే.

"అక్క లెక్క ముందు దివాన్‌గారు సుత నిలవడు సార్," అన్నాడు బ్రహ్మచారి. "పో, పో! పెట్టె తయారైంది."

ఆ వారమంతా ఇల్లు పండగలా ఉంది. కొత్త చొక్కా కుట్టించారు. రాంగోపాల్‌పేటలో చెప్పులు కొన్నారు. మార్త తన చేత్తో గాజు బొమ్మలన్నీ గుడ్డముక్కల్లో చుట్టి పెట్టెలో సర్దింది. కలరా పాఠం గంటలో వచ్చింది గనక, ఇదీ రైల్లోనే చదువుకుంటానన్నాడు దేవసహాయం.

"రైల్లోనే చదవండి," అంది మార్త. "ముందు వద్దు."

బయలుదేరే పొద్దున, జట్కా ఎక్కబోతూ అతను ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇంకా కోపమేనా?"

"బండి టైమైంది. పోండి."

మంకుది అనుకున్నాడు. అయినా మనసు మద్రాసు మీదే ఉంది. నలభై కల్దార్లు! కాజీపేట దాటాక, ఎదుటి సీటాయనకు తన ఉద్యోగం సంగతి గొప్పగా చెప్పి, పెట్టె తెరిచాడు. చేతికందిన బొమ్మను కిటికీ వెలుతురుకు పట్టాడు. ఒక గ్లాసు, ఒక కంచం, మిగతా గిన్నెలకు దూరంగా. ఇంకొకటి తీశాడు. కిటికీ కింద చాప, దాని మీద ఒంటరిగా ఒక ఆడమనిషి. ఇంకొకటి. పాలచెంబు, రెండు గుడ్లు.

"అచ్చం మా ఇల్లు చూసి గీసినట్టుందండీ!" అని నవ్వాడు.

"ఇంతకీ ఏం జబ్బు గురించండీ?" అన్నాడాయన.

దేవసహాయం అడుగున చుట్టిపెట్టిన మొదటి బొమ్మను విప్పాడు.

దాని మీద ఒక్కటే మాట ఉంది: క్షయ.