ఆకు మీద కన్ను

జంగమకోటె ధనుంజయ పొద్దున్నే పురుగుల ఇంటి తలుపు తీసేసరికి పట్టుపురుగులన్నీ నల్లబడి చచ్చి ఉన్నాయి.

ఇంకో వారంలో గూళ్ళు కట్టాల్సిన పురుగులు!

పెరట్లో గుంత తవ్వాడు. తట్టలకు తట్టలు అందులో కుమ్మరించాడు. పైన సున్నం చల్లాడు. పార మాత్రం చేతిలోంచి దించలేదు.

"ఎవురి కన్నే ఇది? ఎవురిది?"

ముందు పక్కింటి చౌడమ్మ దిష్టి కన్ను అన్నాడు. తర్వాత ఎదురింటి వెంకటరాయప్ప తుమ్ము అన్నాడు. ఆఖరికి గోడ మీది పిల్లిని కూడా వదల్లేదు.

భార్య శశికళకు విసుగొచ్చింది.

"పోయినవి పోయినాయి. తోట నిండా ఆకుండాది కదా! ముదిరేలోగా ఎవురికన్నా అమ్ముదాం పా."

"నా కడుపు మండుతాంటే నీకు ఆకు కావాల్సొచ్చిందా!"

అప్పుడే పెరటి వెనక తోట గట్టు మీద ఒక ముసలాయన కనబడ్డాడు. తెల్ల పంచె, చంకలో గొడుగు. మల్బరీ ఆకును వేళ్ళతో నిమిరి చూస్తున్నాడు. పైగా నవ్వుతున్నాడు.

"ఏం ఆకప్పా ఇది! పెండ్లికూతురు మాదిరి ఉండాది!"

ధనుంజయకు చప్పున గుర్తొచ్చింది. నిన్న పురుగుల ఇంటి కిటికీలోంచి తొంగిచూసింది ఈ మొహమే.

"దొరికినాడే! ఈడిదే ఆ కన్ను!"

పార తిరగేసి కర్ర కామతో ఒక్కటిచ్చాడు. భుజం ఫట్‌మంది.

"అయ్యో, ఉండప్పా! నా మాట ఇను..."

"నిన్న యాల తొంగిచూస్తివి? యాడోనివిరా నువ్వు?"

"సోమేనహళ్ళి అప్పా. చూడు, పోయిన పురుగు నీ చేతిలో లేదు, నా చేతిలో లేదు. నిలబడిన ఆకు మాత్రం..."

"నా పురుగుల్ని చంపి నాకే పురాణం చెప్తాండావా?"

ఈ దెబ్బ మోకాలికి తగిలింది. ముసలాయన కూలబడ్డాడు. గొడుగు ఎగిరి కాలువలో పడింది. అయినా ఆ మొహంలో నవ్వు పూర్తిగా ఆరిపోలేదు.

"కొట్టేది అయినాక ఒక మాట చెప్తా. అప్పుడన్నా ఇంటావా?"

ఆ నవ్వు చూసి ధనుంజయకు ఒళ్ళు తెలియలేదు. కామ ఈసారి తల మీద పడింది. రక్తం చెవి మీదుగా కారి తెల్ల పంచెను తడిపేసింది.

శశికళ అరుస్తూ వచ్చి పార లాక్కునేసరికి ముసలాయన మాట ఆగిపోయింది.

పక్క తోట చంద్రు పరుగెత్తుకొచ్చాడు. ఆయనను ఎత్తి ఆటోలో వేసుకొని ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఆయన కళ్ళు తెరవలేదు.

ధనుంజయ నెత్తురు చేతులు లుంగీకి తుడుచుకుంటూ కొత్త దిగుళ్ళు మొదలెట్టాడు.

"సచ్చిపోతాడేమోనే! పోలీసులొస్తారేమో! ఊర్లో ఏమంటారో!"

గట్టు కింద మట్టిలో ఫోను మోగింది. ముసలాయనది. శశికళ తీసింది. అవతల ఒక ముసలామె గొంతు, అడిగే సందు కూడా ఇవ్వకుండా అందుకుంది.

"ఏమయ్యో, అడిగినావా? మన ఆకంతా వడగండ్లకు పాయె, ఆ ధనుంజయప్ప పురుగులు రోగమొచ్చి పోతాండాయి, దేవుడు ఇద్దరికీ చెరి సగం మిగిల్చినాడని నవ్వుకుంటా పోతివే! ఈడ మన పురుగులు ఆకలికి తలకాయలెత్తి చూస్తాండాయి. ఆకిస్తే గూళ్ళలో సగం ఆయప్పకే అని చెప్పినావా, లేదా?"